షోకేసు తాళం తీయండి

మన ఇళ్లలో ముందు గదిలో ఒక అద్దాల బీరువా ఉంటుంది. అందులో కొండపల్లి అంబారీ ఏనుగు, ఎవరో ఆగ్రా వెళ్లొచ్చి ఇచ్చిన పాలరాయి తాజ్‌మహల్, తిరుపతి ఎర్రచెక్క బొమ్మల జంట, పిల్లాడికి పదో తరగతిలో వచ్చిన షీల్డు, పెళ్లినాటి నుంచి విప్పని డిన్నర్ సెట్టు. తాళం ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలీదు. ఏ దసరాకో సంక్రాంతికో దుమ్ము దులిపినప్పుడు తప్ప ఆ వస్తువులకి మనిషి చెయ్యి తగలదు. నాకు ఈ బీరువా అంటే పడదు. ముచ్చటపడి కొన్న వస్తువు చేతుల్లో ఆడాలి, ఆడి ఆడి అరగాలి, అరిగిపోతే మళ్లీ ఇంకోటి కొనాలి. కొన్నవాళ్ల సరదా తీరేదీ, చేసినవాళ్ల పొయ్యి వెలిగేదీ అప్పుడే.

నేను విశాఖలో ఒక బ్యాంకులో పనిచేస్తాను. నా కౌంటర్ మీద గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు వేసుకునే డబ్బా ఒకటుంది. ఏటికొప్పాకలో చేసినది. అరచేతిలో ఇమిడిపోతుంది. పొట్ట కాస్త ఉబ్బి, మెడ సన్నబడి, పైన బొడిపె ఉన్న మూత. పసుపు రంగు ఒంటి మీద ఎర్రటి గీతలు నాలుగు, ఒక్కొక్కటీ ఒక్కో మందంలో ఉంటాయి. చేసినవాడు కొలత పెట్టి గీయలేదని తెలిసిపోతూ ఉంటుంది. మూత తీస్తే లోపలి గాలి ‘టప్’మంటుంది. బొడిపె పక్కన రోజూ నా బొటనవేలు పడే చోట లక్క పలచబడి, అడుగునున్న కర్ర తెల్లగా బయటపడుతోంది. పింఛను కోసం వచ్చే ఒక పెద్దావిడ, నేను పాస్‌బుక్కు ప్రింటు తీసేలోపు ఆ మూత తీస్తూ పెడుతూ కూర్చుంటారు. ‘‘మా పిల్లకి లక్కపిడతలు ఇలాగే ఉండేవమ్మా. ఇప్పుడు చెయ్యట్లేదేటి?’’ అని ఓసారి అడిగారు. చేస్తున్నారండీ, ఇక్కడికి అరవై డెబ్భై కిలోమీటర్లే అన్నాను. ‘‘మరి బజార్లో ఎందుకు అగుపడవు?’’ అన్నారు. వెనక లైను పెరిగిపోతోంది, అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. ఆవిడకి చెప్పాల్సిన జవాబు మాత్రం చాలానే ఉంది.

తుని వైపు జాతీయ రహదారి మీద వెళ్తూ అడ్డురోడ్డు దగ్గర లోపలికి తిరిగితే ఏటికొప్పాక వస్తుంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. చుట్టూ చెరకు తోటలు, ఒక సహకార చక్కెర ఫ్యాక్టరీ, ఊళ్లోకి వెళ్తే లేత్ మిషన్ల రొద. అక్కడి పనికి అంకుడు కర్ర వాడతారు. తెల్లగా, నున్నగా, ఉలికి లొంగేలా ఉంటుంది. ఆరిన ముక్కని మిషనుకి బిగించి ఉలి ఆనిస్తే నిమిషాల్లో బొంగరమో భరిణె పొట్టో తేలుతుంది. చూసి తీరాల్సింది రంగు వేయడం. రంగు కలిపిన లక్క కణికని తిరుగుతున్న కర్రకి అదిమిపెడతారు. ఆ రాపిడికి పుట్టే వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. కుంచెతో పని లేదు, ఆరబెట్టడం లేదు. ఆపైన మొగలి ఆకు ముక్కతో పట్టి రుద్దితే అద్దంలాంటి మెరుపు వచ్చేస్తుంది. లక్క పురుగు పెట్టిన బంక, కొమ్మల నుంచి వచ్చిన కర్ర, వాగు గట్టున పెరిగే మొగలి. పక్కన నిలబడి చూస్తే ఇందులో ఫ్యాక్టరీ నుంచి వచ్చిందల్లా ఆ మోటారొక్కటే అనిపిస్తుంది.

మధ్యలో రసాయన రంగులు వచ్చి పాత పద్ధతిని పక్కకి నెట్టేశాయి. ఆ ఊరివారే అయిన చింతలపాటి వెంకటపతి రాజు గారు పట్టుబట్టి పసుపు, జాఫ్రా గింజలు, నీలి వంటి మొక్కల రంగుల్ని మళ్లీ లక్కలోకి తెచ్చారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీ కర్తవ్య పథ్ మీద ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే కదిలింది. టీవీలో చూసి మా వీధి వీధంతా వాట్సాప్‌లో చప్పట్లు కొట్టింది.

మర్నాడు ఎవరి వంటింట్లోనైనా ఒక్క కొత్త భరిణె చేరిందా అంటే, నాకు తెలిసినంతలో లేదు. నా గొడవంతా ఇక్కడే. బిరుదులు వచ్చేకొద్దీ మనం ఆ వస్తువుని ఎత్తుపీట మీద కూర్చోబెడుతున్నాం. ‘కళాఖండం’ అని పేరు పెట్టగానే దాన్ని ముట్టుకోవడం మానేస్తాం. ఒక హస్తకళల దుకాణంలో నేను కుంకుమ భరిణె తీసుకుంటుంటే, అమ్మే కుర్రాడు దాన్ని ముఖమల్ గుడ్డ పరిచిన పెట్టెలో పెట్టి ‘‘షోకేసులో బాగుంటాదమ్మా’’ అన్నాడు. ‘‘కుంకం పెట్టుకోడానికి బాబూ’’ అన్నాను. ‘‘అయ్యో, రంగు అంటుకుపోద్దమ్మా’’ అన్నాడు. కుంకుమ భరిణెకి కుంకుమ అంటుకుంటుందని దిగులు! ఆ పిల్లాణ్ని అనుకుని లాభం లేదు. కొనేవాళ్లు రోజూ ఏం అడుగుతున్నారో అదే అతని నోటి వెంట వచ్చింది.

మన పెద్దవాళ్లకి వాడే వస్తువు వేరు, అలంకరణ వస్తువు వేరు అని రెండు అరలు ఉండేవి కావు. మా తాతగారి అడకత్తెర మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఇత్తడిది, లోపల ఇనుప పదును. పై రెక్క మీద ఒక రామచిలుక, కింది రెక్క మీద ఇంకో రామచిలుక. వక్క పెట్టి నొక్కిన ప్రతిసారీ రెండూ ముక్కూ ముక్కూ ఆనించుకుంటాయి. వక్క ముక్కలవడానికి చిలకలు అక్కర్లేదు. అయినా ఎవరో కంచరి పనిగట్టుకుని వాటికి కళ్లు పెట్టాడు, రెక్కల మీద ఈకలు గీశాడు, ఆ కళ్లలో ఒకటి కాస్త పెద్దదైపోయింది కూడా. తాతగారు ఆకూవక్కా మానేశాక మా అమ్మ దాంతో ఎండుకొబ్బరి కోసేది. ఇప్పుడు నేను ఎండు ఖర్జూరాలు కోస్తున్నాను. పదును పెట్టించడానికి పూర్ణా మార్కెట్ వైపు వెళ్లినప్పుడు, సాన పట్టే అతను ముందు చిలకల్ని నొక్కి చూసుకుని నవ్వి, తర్వాతే పని మొదలుపెట్టాడు.

పుణే వెళ్లేవాళ్లు రాజా దినకర్ కేల్కర్ మ్యూజియం చూసి రండి. దినకర్ కేల్కర్ గారు చిన్నప్పుడే పోయిన కొడుకు రాజా పేరు మీద కూడబెట్టిన సేకరణ అది. రాజుల కిరీటాల జోలికి పెద్దగా పోకుండా ఆయన అడకత్తెరలు, దీపాలు, వంటపాత్రలు, సిరాబుడ్లు పోగుచేశారు. అడకత్తెరల ముందు నిలబడితే అర్థమవుతుంది, ఈ దేశంలో వక్క కోసుకునే మనిషికి కూడా ఎంత సరదా కావాల్సి వచ్చిందో. అమెరికా నుంచి వచ్చిన చార్ల్స్, రే ఈమ్స్ అనే డిజైనర్ దంపతులు మన దేశంలో తిరిగి 1958లో భారత ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. ఇక్కడ చూసిన వస్తువులన్నిటిలోకీ వాళ్లని కట్టిపడేసింది చెంబు. నిండుగా ఉన్నప్పుడు ఎత్తుకుంటే ఒంటికి ఎలా కుదురుకుంటుంది, వంచితే నీళ్లు ఎలా పడతాయి, లోపల తోమడానికి చెయ్యి పడుతుందా, పాతబడితే లోహానికి ఎంతొస్తుంది, ఇవన్నీ తరతరాల చేతులు ఆలోచించి పెట్టాయని వాళ్లు రాశారు. ఆ నివేదిక దారిలోనే 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టింది. మనమేమో ఆ చెంబుని అటకెక్కించి, అలాంటిదే ఇత్తడి పూత పూసినది ‘డెకార్’ అని కొనుక్కొచ్చి మూలన పెట్టి అందులో ప్లాస్టిక్ పూలు గుచ్చుతున్నాం.

వాడకం మారితే కళ చెడిపోతుందని కొందరు పెద్దలు బాధపడతారు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట సంగతి చూడండి. మేకతోలుని వెలుగు దూరేంత పలచగా చేసి, చిల్లులు పొడిచి, రంగులద్ది రామాయణం ఆడించిన కుటుంబాలవి. ఆట చూసేవాళ్లు తగ్గిపోయారు. అదే తోలుతో, అదే చిల్లులతో లాంప్‌షేడ్లు చేయడం మొదలుపెట్టారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. హనుమంతుణ్ని తీసుకొచ్చి బల్బు చుట్టూ తిప్పుతారా అని పెదవి విరిచినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. తోలుబొమ్మ పుట్టిందే దీపానికి ఎదురుగా నిలబడటానికి. ఆముదం దీపం పోయి ఎల్‌ఈడీ వచ్చింది, హనుమంతుడికి ఒక రకంగా చల్లబడింది కూడా. కరెంటు పోయిన రాత్రి లోపల టార్చిలైటు పెట్టి గోడ మీద తోక నీడ చూపిస్తే మా మేనల్లుడు అన్నం తినేస్తాడు. ఆ పని ఏ షోకేసు హనుమంతుడూ చేయలేడు.

నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క చెంచాల గురించీ ఒక మాట. పిడి మీద జాలీ చెక్కి, చివర చేప బొమ్మో పువ్వో పెడతారు. వాటిని గోడకి వేలాడదీసినవాళ్లని చూశాను. నాన్‌స్టిక్ పెనం కొన్న ప్రతి ఇంటికీ ఇప్పుడు చెక్క గరిటె కావాలి కదా. నునుపైన ప్లాస్టిక్ పిడుల గరిటెలు కొంటున్న చేత్తోనే ఇదీ కొనొచ్చు. పెనం గీతలు పడకుండా ఉంటుంది, దోసె తిరగేస్తున్నప్పుడు వేళ్ల కింద ఆ చెక్కుడు తగులుతూ ఉంటుంది.

అన్నీ నీళ్లలో నానబెట్టి వాడేయమని నా వాదన కాదు. కొండపల్లి బొమ్మ పొణికి కర్రతో చేసి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, పైన రంగు వేసినది. దాన్ని ఉప్పుజాడీ చేయలేం. దాని కొలువు దానికుంది. ఏడాదికోసారి బొమ్మల కొలువులో కూర్చుంటే, పేరంటానికి వచ్చిన పిల్లలు దశావతారాలు లెక్కపెడితే, అదీ వాడకమే. కొలువు పెట్టడం మానేసి బొమ్మల్ని మాత్రం అద్దాల వెనక ఉంచుకోవడం దగ్గరే నాకు పేచీ.

ఇదంతా చదివి, ఈవిడ పాతకాలం మనిషి, ఆన్‌లైన్‌లో దొరికే కొత్త రకం వస్తువులంటే గిట్టదు కాబోలు అనుకోకండి. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి పంపిన రబ్బరు మనిషి నాకు ప్రాణం. కప్పు అంచుల మీద చేతులు చాపుకుని, వేణ్నీళ్ల తొట్టెలో కూర్చున్నట్టు కప్పులో కూర్చుంటాడు. అతని ప్యాంటులో టీ ఆకు పోస్తాం, చిల్లుల్లోంచి రంగు దిగుతుంది. ‘‘ఛీ, వాడి లాగులోంచి వచ్చిన టీ నేను తాగను’’ అని మా అత్తగారు శపథం పట్టారు. ఆవిడ కోసం మామూలు జల్లెడతో విడిగా వడకడతాను. ఎక్కడ తయారైతేనేం, ఆ బొమ్మకి పని ఉంది, ఆ పనిలోంచే నవ్వు పుట్టింది. పని లేకుండా కళ్లు పెద్దవి చేసుకుని కూర్చునే రెసిన్ పిల్లులంటేనే నాకు విసుగు. సెల్‌ఫోను ఆనించుకునే పిల్లి అయితే సరే, రానివ్వండి.

మా అత్తగారి రెండో అభ్యంతరం బలమైనది. ‘‘వాడితే పాడైపోతుందే అమ్మాయ్, అంత డబ్బు పోసి కొన్నావు’’ అంటారు. నిజమే, లక్క వేడికి మెత్తబడుతుంది, పొయ్యి గట్టు మీద పెట్టకూడదు. నీళ్లలో నాననివ్వకూడదు. మొక్కల రంగు ఎండకి వెలిసిపోతుంది, కిటికీలో పెట్టకూడదు. పొడిగుడ్డతో తుడిస్తే చాలు, ఎప్పుడైనా ఒక చుక్క కొబ్బరినూనె. స్టీలు డబ్బాతో పోలిస్తే ఇది గారాబం పిల్లే. కానీ చిన్న భరిణె ఖరీదు ఇద్దరు హోటల్లో టిఫిను చేసి కాఫీ తాగితే అయ్యేదాంతో సరిపోతుంది. ఆ టిఫిను సాయంత్రానికి ఏమైందని ఎవరం అడగం గానీ, భరిణె ముప్ఫై ఏళ్లు ఉండలేదని మాత్రం ఏడుస్తాం.

కొనేటప్పుడు మాత్రం గడుసుగా ఉండాలి. నేను ముందు మూత తిప్పి చూస్తాను. ఏ వైపు తిప్పి పెట్టినా ఒకేలా కూర్చుంటే కర్ర బాగా ఆరాక చేసినట్టు. పచ్చి కర్రతో చేసినది ఆరేకొద్దీ వంకరపోయి, ఒక వైపు బిగిసి ఒక వైపు వదులవుతుంది. తర్వాత అడుగు చూస్తాను, లేత్ మీంచి కోసి తీసిన గుర్తు అక్కడుంటుంది. దాన్ని నునుపు చేసే ఓపిక ఉన్నవాడు లోపల కూడా శ్రద్ధ పెట్టి ఉంటాడు. తడి తెల్ల రుమాలుతో ఒక మూల రుద్దుతాను. కొట్టువాళ్లు ఎర్రగా చూస్తారు, చూడనివ్వండి. కర్రకి పట్టిన లక్క అంత తేలిగ్గా రుమాలుకి అంటదు. పై పై రంగు అంటుతుంది. పిల్లల కోసం లక్కపిడతలు తీసుకుంటే ఇది మరీ ముఖ్యం, రోలూ రోకలీ బిందే అన్నీ ముందు నోట్లోకే వెళ్తాయి.

బొమ్మల మీద ప్రభుత్వం చేసిన ఒక మంచి పని ఇక్కడ చెప్పాలి. 2021 జనవరి నుంచి దేశంలో అమ్మే బొమ్మలకి బీఐఎస్ ముద్ర తప్పనిసరి చేశారు. నమోదైన హస్తకళాకారులు చేసేవాటికీ, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ మినహాయింపు ఇచ్చారు. లేకపోతే వసారాలో లేత్ పెట్టుకున్నవాడు ప్రయోగశాల పరీక్షల ఖర్చుకే చితికిపోయేవాడు. ఆ చేత్తోనే ఇంకో పని కూడా చేయొచ్చు. మన సభల్లో, సన్మానాల్లో ఇచ్చే మెమెంటో అనే పదార్థాన్ని రద్దు చేయండి. గాజు పలక, దాని మీద బంగారు రంగు అక్షరాలు, కింద నల్ల చెక్క. రిటైరైన మాస్టారింట్లో ఇవి వరసగా నిలబడి ఉంటాయి. పారేస్తే అగౌరవం, ఉంచుకుంటే దుమ్ము. దాని బదులు ఒక కలందాను, ఒక భరిణె, ఒక చెక్క గరిటెల జత ఇవ్వండి. కింద చిన్న అక్షరాల్లో సంస్థ పేరు చెక్కించుకోండి, పోయేదేం లేదు. ఉప్పు వేసుకున్నప్పుడల్లా ఆ సంస్థని తలచుకుంటారు.

దుకాణాలవాళ్లకి ఒకటే విన్నపం. మూతలు విడిగా అమ్మండి. ఇంట్లో ముందు పోయేది మూతే. మంచం కిందకి దొర్లిపోతుంది, పిల్లలు బొంగరం చేసి తిప్పుతారు, చెత్తబుట్టలో పడిపోతుంది. మూత పోయిన డబ్బా మంచిదైనా మూలన పడుతుంది. ‘‘సెట్టుగా తప్ప రాదమ్మా’’ అనే మాట నేను ఎన్ని కొట్లలో విన్నానో. పాతది పట్టుకెళ్తే దాని మూతి కొలిచి కొత్త మూత తిప్పి ఇవ్వడం లేత్ ముందు కూర్చున్నవాడికి పెద్ద పనేం కాదు, ఆ కొలత వాళ్లకి చేర్చే మనిషి మధ్యలో లేడు, అంతే. కుక్కర్ గాస్కెట్లు దొరికే వీధిలో భరిణె మూతలు కూడా దొరికిన రోజున ఈ వస్తువులు నిజంగా మన ఇళ్లలోకి వచ్చాయని నమ్ముతాను.

మాఘమాసంలో మా అన్నయ్య కూతురి పెళ్లి. వచ్చిన ముత్తయిదువులకి ఏమివ్వాలన్న చర్చ నడుస్తోంది. వదిన స్టీలు డబ్బాల వైపు ఉంది. నేను ఏటికొప్పాక భరిణెలు అన్నాను, అదీ ఖాళీవి కాదు, చిటికెడు కుంకుమ వేసి మరీ ఇద్దామన్నాను. ‘‘పట్టుచీరల మీద ఒలికితే నన్ను తిడతారు వదినా’’ అంది. ఒకసారి కుంకుమ అంటుకుంటే ఇక దాన్ని ఎవరూ దాచుకోలేరు, మర్నాటి నుంచి వాడాల్సిందే అని నా లెక్క. అన్నయ్య ఎటూ చెప్పకుండా పేపరు చదువుకుంటున్నాడు. అన్ని భరిణెలు కావాలంటే కర్ర ఆరాలి, ముందుగా చెప్పాలి అన్నారు ఊళ్లో. కార్తీకం దాటకుండా వదినని వెంటబెట్టుకుని వెళ్లి, లక్క కరగడం ఒకసారి చూపించి, అక్కడే బయానా ఇప్పించేద్దామని ఉంది.